ఆంగ్విల్లా దీవిలో మలుగు చేపలుంటాయా?

మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. కృత్రిమ మేధ కంపెనీల వెబ్‌సైట్ల చివర కనిపించే డాట్ ఏఐ కరీబియన్ సముద్రంలోని ఆంగ్విల్లా అనే దీవిదంటారు, నిజమేనా? మంచినీటి మలుగు చేప శాస్త్రీయ నామం కూడా ఆంగ్విల్లాయే కదా, ఆ చేపలు ఎక్కువగా ఉండటం వల్లే దీవికి ఆ పేరొచ్చిందా? అంత చిన్న దీవికి సొంతంగా రెండక్షరాల కోడ్ ఎలా దక్కింది? ఇవి కాక, మన చెరువుల్లో మలుగుల్ని పెంచొచ్చా అని ఇంకొకరు అడిగారు. అది చివర్లో చెబుతాను.

నేను చేపల జీవశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. ఉద్యోగం చివరి రోజుల్లో సెయింట్ కిట్స్ దీవిలో ఒక వైద్య కళాశాలలో పనిచేశాను. ఆ దీవుల్లోని వైద్య కళాశాలల్లో మన తెలుగు పిల్లలూ, పంతుళ్ళూ కనిపిస్తూనే ఉంటారు. ఆంగ్విల్లా విడిపోయింది సెయింట్ కిట్స్ నుంచే కాబట్టి, ఆ తగాదా కథ రెండు వైపుల నుంచీ విన్నాను.

ముందు పొట్టి జవాబు. డాట్ ఏఐ ఆ దీవిదే. పేరు మలుగు నుంచి వచ్చిందే గానీ అక్కడ మలుగులు ఉండటం వల్ల కాదు, దీవి సన్నగా పొడుగ్గా ఉండటం వల్ల. కోడ్ మాత్రం పేరొక్కదాని వల్లే రాలేదు. 1967లో ఆ దీవి జనం ఒక తిరుగుబాటు చేశారు. అది జరగకపోతే ఇవాళ డాట్ ఏఐ అనేది ఆంగ్విల్లాది అయ్యేది కాదు. పేరు గురించి అందరూ రాస్తారు, తిరుగుబాటు సంగతి ఎవరూ కలపరు. మీ మూడో ప్రశ్నకి సరైన జవాబు మాత్రం అక్కడే ఉంది.

ఇక చేప సంగతి. పాములా పొడుగ్గా ఉన్న ప్రతి చేపనీ మనం ఒకే గాటన కట్టేస్తాం. బొమ్మిడాయిల పులుసు తిన్నవాళ్ళలో చాలామంది తాము తిన్నది ఈల్ అనుకుంటారు. ఇంగ్లీషులో బొమ్మిడాయిని స్పైనీ ఈల్ అనడం వల్ల ఈ గందరగోళం ఇంకాస్త పెరిగింది. బొమ్మిడాయికీ మలుగుకీ దగ్గర చుట్టరికం కూడా లేదు. బొమ్మిడాయికి వీపు మీద వరసగా ముళ్ళుంటాయి, ముక్కు ముందుకు సాగి ఉంటుంది, పుట్టడం గుడ్లు పెట్టడం అన్నీ మంచినీళ్ళలోనే. మలుగు, మలుగుపాము అని మనవాళ్ళు పిలిచేది వేరే చేప. దానికి వీపు రెక్క, తోక, కింది రెక్క మూడూ కలిసిపోయి ఒకే అంచులా ఉంటాయి. పొలుసులు ఉన్నా చర్మంలో పూడుకుపోయి కంటికి ఆనవు. చేత్తో పట్టుకుంటే జారిపోతుంది. పగలు రాళ్ళ సందుల్లోనో బొరియల్లోనో దాక్కుని రాత్రి వేటకి వస్తుంది. మన నదుల్లో దొరికేవి రెండు రకాలు: ఒంటి మీద మచ్చలుండే ఆంగ్విల్లా బెంగాలెన్సిస్, మచ్చల్లేని ఆంగ్విల్లా బైకలర్. ప్రపంచం మొత్తం మీద ఈ ఆంగ్విల్లా ప్రజాతిలో పదిహేను పైచిలుకు జాతులున్నాయి. మంచినీటి మలుగులు అంటే ఇవే.

మంచినీటి మలుగు అంటాం గానీ అది పుట్టేది మంచినీళ్ళలో కాదు. పులస సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుతుంది కదా. మలుగు దానికి సరిగ్గా తిరగేసిన లెక్క. నదిలో, చెరువులో, బావిలో కూడా ఏళ్ళ తరబడి పెరిగి, ఈడొచ్చాక సముద్రం దారి పడుతుంది. ఒడ్డు వదిలేముందు దాని ఒళ్ళే మారిపోతుంది. పసుపు గోధుమ రంగు పోయి వెండి మెరుపు వస్తుంది, కళ్ళు పెద్దవవుతాయి, పేగు కుంచించుకుపోతుంది. ఇక తిండి ముట్టదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ప్రయాణమంతా. యూరప్ మలుగైతే అలా ఐదారు వేల కిలోమీటర్లు ఈది, గుడ్లు పెట్టే చోటికి చేరుతుంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చిన మలుగుని ఎవరూ చూడలేదు.

ఆ చోటు ఏదో తెలుసుకోవడానికి మనుషులకి రెండువేల ఏళ్ళకి పైగా పట్టింది. ఎన్ని మలుగుల్ని కోసినా గుడ్లు గానీ వృషణాలు గానీ కనపడకపోవడంతో అవి బురదలోంచి పుడతాయని అరిస్టాటిల్ అనుకున్నాడు. 1777లో ఇటలీలో కార్లో మోండీని మొదటిసారి ఆడ మలుగు అండాశయాన్ని గుర్తించాడు. మగదాని కోసం వెతుకులాట ఇంకో వందేళ్ళు సాగింది. 1876లో వియన్నా నుంచి ఇరవై ఏళ్ళ విద్యార్థి ఒకడు ట్రియెస్ట్ సముద్ర పరిశోధన కేంద్రానికి వచ్చి నాలుగు వందల దాకా మలుగుల్ని కోసి చూశాడు. తేల్చి చెప్పగలిగిందేమీ దొరకలేదు. ఆ కుర్రాడి పేరు సిగ్మండ్ ఫ్రాయిడ్. తర్వాత వేరే పనిలో పడి పేరు తెచ్చుకున్నాడు.

ఆయన కోసినవి నదీముఖాల్లో, తీరంలో పట్టినవి. మలుగుకి లైంగిక అవయవాలు పూర్తిగా పక్వమయ్యేది సముద్రంలో ప్రయాణం మొదలయ్యాకే. ఒడ్డున ఎన్ని కోసినా అంతే.

పిల్లల సంగతీ ఇలాంటిదే. సముద్రంలో దొరికే, ఆకు ఆకారంలో గాజులా ఉండే పలచటి జీవిని వేరే చేప అనుకుని 1856లో లెప్టోసెఫాలస్ బ్రెవిరోస్ట్రిస్ అని పేరు పెట్టారు. 1890లలో సిసిలీ తీరంలో గ్రాస్సీ, కలాంద్రుచ్చియో అనే ఇద్దరు ఇటలీ శాస్త్రవేత్తలు అది మలుగుగా మారడం గమనించారు. ఆ ఆకు ముడుచుకుని సన్నటి గాజు పుల్లలాంటి పిల్ల అవుతుంది. దాన్నే గాజు మలుగు అంటారు. నదీముఖాల్లోకి వచ్చేది ఈ దశలోనే.

అసలు చోటు పట్టుకున్నది డెన్మార్క్‌కి చెందిన యోహానెస్ ష్మిట్. 1904లో ఆయనకి ఫారో దీవుల దగ్గర అట్లాంటిక్‌లో ఒక ఆకు పిల్ల దొరికింది. ఆయన తర్కం చాలా తేలికైంది: ఇంకా చిన్న పిల్లలు ఎటు దొరికితే అటు వెళ్ళాలి. సొంత ఓడలతో పాటు డెన్మార్క్ సరుకు ఓడల నావికులకి కూడా వలలిచ్చి, దారిలో ఈడ్పించి, దొరికిన పిల్లల్ని కొలుచుకుంటూ పోయాడు. అమెరికా వైపు వెళ్ళేకొద్దీ పిల్లల పొడవు తగ్గుతూ వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, 1920ల మొదట్లో, అన్నిటికన్నా చిన్నవి దొరికే చోటు అట్లాంటిక్ పడమటి భాగంలోని సర్గాసో సముద్రం అని ప్రకటించాడు. యూరప్ మలుగూ, అమెరికా మలుగూ రెండూ గుడ్లు పెట్టేది అక్కడే. ఇప్పటిదాకా ఆ సముద్రంలో మలుగు గుడ్డు ఒక్కటి కూడా దొరకలేదు, అవి జతకట్టడం ఎవరూ చూడలేదు. ఉపగ్రహ పరికరం తగిలించిన పెద్ద మలుగులు అక్కడికి చేరడం మాత్రం తెలిసింది. కెనడా తీరం నుంచి బయల్దేరిన ఒక అమెరికా మలుగు సర్గాసో చేరినట్టు 2015లో, అజోర్స్ దీవుల నుంచి వదిలిన యూరప్ మలుగులు అక్కడికి వెళ్ళినట్టు 2022లో పరిశోధనలు వచ్చాయి. పసిఫిక్‌లో జపాన్ మలుగుకైతే గుడ్లే దొరికాయి. కట్సుమి త్సుకమోటో బృందం 2009లో మరియానా దీవులకి పడమటి వైపు వాటిని పట్టుకుంది. మన మలుగుల విషయం ఇంత స్పష్టంగా తేలలేదు. సుమాత్రా దీవికి పడమటి వైపు హిందూ మహాసముద్రంలో గుడ్లు పెడతాయని అక్కడ దొరికిన పిల్లల్ని బట్టి అంచనా.

ఇప్పుడు పటం తెరిచి ఆంగ్విల్లా ఎక్కడుందో చూడండి. లీవర్డ్ దీవుల వరసలో ఉత్తరపు కొసన, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా ఉత్తరానికి కొన్ని వందల కిలోమీటర్లు పోతే మలుగులు గుడ్లు పెట్టే సర్గాసో భాగం మొదలవుతుంది. మలుగు పేరు పెట్టుకున్న దీవి మలుగుల పుట్టింటికి అంత దగ్గర. పేరు పెట్టినవాళ్ళకి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

అయినా ఆ దీవి మలుగులకి పనికిరాదు. ఒక్క నది కూడా లేదు. దీవి మొత్తం సున్నపురాయి, పగడపు రాయి. విస్తీర్ణం 91 చదరపు కిలోమీటర్లు, పొడవు 26 కిలోమీటర్ల దాకా, వెడల్పు ఐదారుకి మించదు. అన్నిటికన్నా ఎత్తైన చోటు కూడా వంద మీటర్లు లేదు, కాబట్టి మబ్బుల్ని ఆపి వాన కురిపించే కొండ లేదు. కురిసిన కాస్త వానా రాతి సందుల్లోకి ఇంకిపోతుంది. జనం ఇంటి కప్పు మీద పడిన నీటిని తొట్టెల్లోకి పట్టుకుని వాడుకునేవారు. గాజు మలుగు పిల్లకి కావలసింది సముద్రంలోకి వచ్చి కలిసే మంచినీటి ఏరు, దాని వెంట పైకి ఎక్కే దారి. ఆంగ్విల్లాలో అది లేదు. వాగులూ నదులూ ఉన్న పెద్ద దీవుల్లో, అంటే క్యూబా, హైతీ, డొమినికన్ రిపబ్లిక్, జమైకా, పోర్టోరికోలలో అమెరికా మలుగు ఉంది. హైతీలో గాజు మలుగుల్ని రాత్రిపూట దీపాల వెలుగులో పట్టి ఆసియా చెరువులకి ఎగుమతి చేసే వ్యాపారం చాలా పెద్దది. అదీ ఒక కథే గానీ ఇక్కడ వద్దు.

ఇంకో ముచ్చట: ఆంగ్విల్లా జెండా మీద మూడు నారింజ రంగు డాల్ఫిన్లుంటాయి. మలుగు ఎక్కడా లేదు.

యూరప్ వాళ్ళు రాకముందు అక్కడి ఆదివాసులు ఆ దీవిని మల్లియుహానా అనేవారు. భూమి కింద ఫౌంటెన్ కేవర్న్ అనే గుహ ఉంది. అందులో మంచినీటి మడుగులు, గోడల మీద చెక్కిన ముఖాలు, దేవుడి రూపం చెక్కిన పెద్ద సున్నపు స్తంభం ఉన్నాయి. నీళ్ళు లేని దీవిలో నీళ్ళున్న గుహ గుడి అయిందంటే ఆశ్చర్యం లేదు. 1650లో సెయింట్ కిట్స్ నుంచి ఇంగ్లీషు వలసదారులు వచ్చి స్థిరపడ్డారు. చెరకు, పొగాకు, పత్తి అన్నీ వేసి చూశారు. పక్క దీవుల్లో వాన ఉంది, లోతైన మట్టి ఉంది, చెరకు తోటలు దొరల్ని కోటీశ్వరుల్ని చేశాయి. ఇక్కడ మట్టి పలచన, కరువు తరచూ. తోటలు పెట్టారు, బానిసల్ని తెచ్చారు, కానీ అది ఎన్నడూ లాభసాటి కాలేదు. మధ్యలో ఫ్రెంచివాళ్ళు 1745లోనూ 1796లోనూ దండెత్తారు, రెండుసార్లూ స్థానికులు తిప్పికొట్టారు. రెండోసారి గుళ్ళు అయిపోతే వలలకి కట్టే సీసపు గుండ్లు వాడారని చెప్పుకుంటారు.

తోటలు దెబ్బతినడమే తర్వాత జరిగినదానికి మూలం అని నా అభిప్రాయం. 1830లలో బానిసత్వం పోయాక, పక్క దీవుల్లో విముక్తులైనవాళ్ళు అదే తోటల్లో కూలీలయ్యారు. ఆంగ్విల్లాలో దొరలు భూములు వదిలి వెళ్ళిపోయారు. నల్లవాళ్ళు చిన్న చిన్న ముక్కలు కొనుక్కుని సొంతదారులయ్యారు. పేదవాళ్ళే, కానీ ఒకరి కింద పనిచేసేవాళ్ళు కాదు. చేపలు పట్టారు, పడవలు కట్టారు, శాండీ గ్రౌండ్ దగ్గర ఉప్పు మడుగులో ఉప్పు తీశారు. మగవాళ్ళు గుంపులుగా తెరచాప పడవల్లో డొమినికన్ రిపబ్లిక్‌కి చెరకు నరకడానికి వెళ్ళొచ్చేవారు. తిరుగు ప్రయాణంలో ఏ పడవ ముందు చేరుతుందా అనే పంతం నుంచే అక్కడి పడవ పందేలు పుట్టాయంటారు. మనకి క్రికెట్ ఎంతో వాళ్ళకి ఆ పందేలు అంత.

ఇలాంటి దీవిని బ్రిటన్ 1825లో పరిపాలన ఖర్చు తగ్గుతుందని సెయింట్ కిట్స్‌కి కట్టేసింది. రెండిటి మధ్యా నూరు కిలోమీటర్ల పైన సముద్రం. దారిలో ఫ్రెంచి, డచ్ దీవులు. జనానికి ఆనాటి నుంచే ఇష్టం లేదు. మమ్మల్ని విడదీసి నేరుగా మీరే పాలించండి అని 1872లో రాణికి అర్జీ పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు.

1960లకి వచ్చేసరికి సెయింట్ కిట్స్ నాయకుడు రాబర్ట్ బ్రాడ్‌షా. చెరకు కార్మికుల సంఘం నుంచి ఎదిగిన మనిషి. సెయింట్ కిట్స్‌లో పాతతరం వాళ్ళని అడిగితే ఆయన్ని ఇప్పటికీ దేవుడిలా చెబుతారు, అందులో అబద్ధం లేదు. తోట దొరల ముందు కూలీ తలెత్తి నిలబడ్డాడంటే ఆయన పోరాటం ఉంది. అదే పేరు ఆంగ్విల్లాలో ఎత్తితే ముఖాలు మాడిపోతాయి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆయన రాజకీయమంతా చెరకు కూలీలది. ఆంగ్విల్లాలో చెరకూ లేదు, కూలీలూ లేరు. అక్కడ ఆయన పార్టీకి ఓట్లు పడలేదు, ఆ దీవికి నిధులూ అంతంతమాత్రంగానే వచ్చాయి. శాసనసభలో పది స్థానాలుంటే ఆంగ్విల్లాకి ఒక్కటే. 1967 నాటికి దీవిలో కరెంటు లైన్లు లేవు, టెలిఫోను లేదు, తారు రోడ్డు దాదాపు లేదు. ఆంగ్విల్లాలో రేవు కట్టడానికి కెనడా ఇచ్చిన డబ్బుతో సెయింట్ కిట్స్‌లో రేవు కట్టి దానికి ఆంగ్విల్లా పేరు పెట్టారనే కథ ఆ దీవిలో అందరి నోటా ఉంటుంది.

1967 ఫిబ్రవరి 27న బ్రిటన్ ఈ మూడు దీవుల్ని, అంటే సెయింట్ కిట్స్, నెవిస్, ఆంగ్విల్లాలని కలిపి స్వయంపాలన ఇచ్చింది. రక్షణ, విదేశాంగం లండన్ చేతిలో, మిగతాదంతా బ్రాడ్‌షా చేతిలో. ఆంగ్విల్లా జనానికి అది స్వాతంత్ర్యంలా కనపడలేదు, పెత్తనం మారినట్టు కనపడింది. మే 30న జనం పోలీసు స్టేషన్ చుట్టుముట్టి, సెయింట్ కిట్స్ పోలీసులందర్నీ విమానం ఎక్కించి పంపేశారు. మళ్ళీ ఎవరూ దిగకుండా విమానాశ్రయం రన్‌వేకి అడ్డంగా వాహనాలు పెట్టారు. ఇవాళ్టికీ మే 30 అక్కడ ఆంగ్విల్లా దినం, సెలవు. జూలై 11న ప్రజాభిప్రాయ సేకరణ పెడితే విడిపోవాలని 1,813 ఓట్లు, వద్దని 5. అప్పటి జనాభా ఆరువేలు.

సెయింట్ కిట్స్ నుంచి టపా ఆగిపోయింది. ఆంగ్విల్లా వాళ్ళు సెయింట్ కిట్స్ తపాలా బిళ్ళల మీదే స్వతంత్ర ఆంగ్విల్లా అని అచ్చు వేసి అమ్మారు. స్టాంపులు సేకరించేవాళ్ళు ఎగబడి కొన్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, డాట్ ఏఐ దగ్గర పనికొస్తుంది.

నాయకుల్లో ముఖ్యుడు రొనాల్డ్ వెబ్‌స్టర్. పక్కనే ఉన్న సెయింట్ మార్టిన్‌లో పనిచేసి ఆస్తి సంపాదించి తిరిగొచ్చిన మనిషి, మొండివాడు. వీళ్ళు అడిగింది వినడానికి విచిత్రంగా ఉంటుంది. ప్రపంచమంతా బ్రిటిష్ పాలన వద్దంటున్న రోజుల్లో, మాకు సెయింట్ కిట్స్ వద్దు, బ్రిటనే నేరుగా పాలించాలి అన్నారు. బ్రిటన్‌కి ఈ తలనొప్పి వద్దు. రెండేళ్ళు చర్చలతో నెట్టుకొచ్చింది. ఆంగ్విల్లా వాళ్ళు విసిగిపోయి 1969 ఫిబ్రవరిలో మళ్ళీ ఓటింగ్ పెట్టుకుని, 1,739కి 4 ఓట్లతో గణతంత్రం అని ప్రకటించుకున్నారు. మార్చి 11న లండన్ నుంచి విలియం విట్‌లాక్ అనే సహాయ మంత్రి వచ్చాడు. కొన్ని గంటల్లోనే ఆయన్ని తుపాకులు చూపించి విమానం ఎక్కించేశారు.

అప్పుడు బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం చేసిన పని చూడండి. దీవి అమెరికా మాఫియా చేతిలో పడిందన్న అనుమానంతో 1969 మార్చి 19 తెల్లవారుజామున మినర్వా, రోత్‌సే అనే రెండు యుద్ధనౌకల నుంచి మూడొందల పైచిలుకు పారాట్రూపర్లని ఒడ్డున దింపింది. వాళ్ళ వెంట లండన్ నగర పోలీసులు. చీకట్లో ఒడ్డున తళుక్కున వెలుగులు కనిపిస్తే సైనికులు కాల్పులనుకున్నారట. అవి ముందే వచ్చి కాచుకున్న పత్రికల వాళ్ళ కెమెరా ఫ్లాష్‌లు. ఒక్క ప్రాణం పోలేదు, ఒక్కరికి గాయం కాలేదు. మాఫియా జాడ కూడా దొరకలేదు. ప్రపంచ పత్రికలు వారం రోజులు నవ్వుకున్నాయి. ఆంగ్విల్లా జనం కొన్నాళ్ళు కోపంగా ఊరేగింపులు చేశారు గానీ, చివరికి చూస్తే బ్రిటన్ నేరుగా వచ్చి కూర్చుంది, అంటే వాళ్ళు అడిగిందే జరిగింది. సైన్యం ఇంజనీర్లు ఉండి రోడ్లు వేశారు. 1971లో బ్రిటన్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది, 1976లో వేరే రాజ్యాంగం వచ్చింది, 1980 డిసెంబరు 19న కాగితాల మీద కూడా సెయింట్ కిట్స్ నుంచి విడిపోయింది. సెయింట్ కిట్స్, నెవిస్ 1983లో స్వతంత్ర దేశమయ్యాయి. ఆంగ్విల్లా ఇప్పటికీ బ్రిటన్ కింద ఉన్న సముద్రాంతర భూభాగం.

ఇప్పుడు కోడ్ దగ్గరికి వద్దాం. ఇంటర్నెట్‌లో దేశాల రెండక్షరాలు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితా నుంచి తీసుకున్నవి. మనకి డాట్ ఐఎన్ వచ్చింది అలాగే. ఆ జాబితాలో చోటు దొరికేది దేశాలకీ, ఆంగ్విల్లా లాంటి ప్రత్యేక భూభాగాలకీ. ఒక దేశంలోని మామూలు భాగానికి విడిగా ఇవ్వరు. నెవిస్‌నే చూడండి, అది సెయింట్ కిట్స్‌తో కలిసి ఉండిపోయింది, ఇద్దరికీ కలిపి డాట్ కేఎన్. ఆంగ్విల్లా కూడా ఉండిపోయి ఉంటే దాని వెబ్‌సైట్లూ డాట్ కేఎన్ కిందే ఉండేవి.

అంతకన్నా తమాషా ఏమిటంటే, ఏఐ అనే అక్షరాలు మొదట ఆంగ్విల్లావి కావు. ఆఫ్రికా తూర్పు కొసన ఫ్రాన్స్ ఏలుబడిలో అఫార్, ఇస్సా తెగల భూభాగం అని ఒకటుండేది. ఏఐ దానిది. అది 1977 జూన్‌లో జిబూటీ పేరుతో స్వతంత్రమై డీజే అనే కొత్త అక్షరాలు తీసుకుంది. ఏఐ ఖాళీ అయింది. ఆ తర్వాత ఆంగ్విల్లాకి వచ్చింది. ఆఫ్రికాలో ఒక జెండా దిగడం, కరీబియన్‌లో ఒక దీవి విడిపోవడం, రెండూ దగ్గర దగ్గర కాలంలో కుదరబట్టి ఆ అక్షరాలు ఈ దీవికి దక్కాయి. పేరు మాత్రమే చాలదని అన్నది అందుకే.

1995 ఫిబ్రవరిలో డాట్ ఏఐ ఆంగ్విల్లాకి నమోదైంది. అంతకు ముందు ఏడాదే ఆ దీవికి వచ్చి స్థిరపడిన విన్సెంట్ కేట్ అనే కంప్యూటర్ మనిషి దాన్ని ప్రభుత్వం తరఫున దశాబ్దాల పాటు నడిపాడు. చాలాకాలం పెద్ద గిరాకీ లేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అందరికీ ఆ రెండక్షరాలు కావలసి వచ్చాయి. అప్పట్లో రెండేళ్ళకి 140 డాలర్లు రుసుము. 2023లో ఆ దీవి ప్రభుత్వానికి దీని మీద 3.2 కోట్ల అమెరికా డాలర్లు వచ్చాయి. అది ప్రభుత్వ రాబడిలో ఐదో వంతుకి పైన. జనాభా చూస్తే పదిహేను వేల చిల్లర. పర్యాటకుల మీదా, దిగుమతి సుంకాల మీదా బతికే చోటు, 2017లో ఇర్మా తుపాను చితక్కొట్టిన చోటు. అలాంటి ప్రభుత్వానికి గాలివాన పడగొట్టలేని ఆదాయం ఇదొక్కటే. పసిఫిక్‌లో తువాలు దీవులకి డాట్ టీవీ ఇలాగే కలిసొచ్చింది. 2024లో డాట్ ఏఐ నిర్వహణకి అమెరికాకి చెందిన ఐడెంటిటీ డిజిటల్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు.

దీన్ని చాలామంది లాటరీ అంటారు. నేను ఒప్పుకోను. 1967లో స్టాంపుల మీద పేరు అచ్చేసి అమ్మినప్పుడే తమ పేరుకి బయట ధర ఉందని ఆ జనానికి తెలిసింది. కృత్రిమ మేధ రావడం అదృష్టమే. అది వచ్చేనాటికి ఆ అక్షరాలు వాళ్ళ చేతిలో ఉండటం మాత్రం అదృష్టం కాదు, దాని కోసం పదమూడేళ్ళు కొట్లాడారు. సెయింట్ కిట్స్‌లో నా పాత సహోద్యోగులు ఈ మాట ఒప్పుకోరు. వాళ్ళ లెక్కలో ఆంగ్విల్లా ఇంటిని చీల్చి దొరగారి పంచన చేరిన తమ్ముడు. సొంత దేశం, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ వదులుకుని గవర్నరు కింద ఉండటం ఏం గొప్ప అంటారు. ఆ ప్రశ్నలోనూ న్యాయం లేకపోలేదు.

ఇక చెరువుల్లో పెంపకం. భీమవరం, కైకలూరు వైపు నుంచి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది, ఎందుకంటే జపాన్‌లో మలుగు ధర విన్నవాళ్ళకి ఆశ పుడుతుంది. కట్ల, రోహులతో పోల్చుకోకండి. 1957లో మన శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలో ఆ కుటుంబపు చేపలకి పీయూష గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించిన దగ్గర్నుంచి వాటి పిల్లల కొరత తీరుతూ వచ్చింది. మలుగుకి కూడా హార్మోను ఎక్కించి గుడ్లు పెట్టించొచ్చు, పొదిగించొచ్చు. చిక్కంతా ఆ ఆకు పిల్లలది. అవి సముద్రంలో తినే తిండి చెరువులో దొరకదు. జపాన్ వాళ్ళు సొర చేప గుడ్ల ముద్ద పెట్టి, 2010లో ప్రయోగశాలలో రెండో తరం దాకా తీసుకొచ్చారు, కానీ ఒక్కో పిల్లకయ్యే ఖర్చు చూస్తే వ్యాపారానికి అందదు. అందుకే చైనా, తైవాన్, జపాన్ చెరువుల్లో పెరిగే మలుగులు దాదాపు అన్నీ నదీముఖాల్లో పట్టి తెచ్చిన గాజు మలుగులే. ఆ పట్టుడు, నదుల మీద ఆనకట్టలు, ఇంకా కొన్ని కారణాలు కలిసి యూరప్ తీరానికి వచ్చే పిల్లల సంఖ్య 1980ల నుంచి తొంభై శాతానికి పైగా పడిపోయింది. యూరప్ మలుగు తీవ్రంగా అంతరించిపోయే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. 2010 నుంచి యూరప్ సమాఖ్య తన దేశాల బయటికి దాని ఎగుమతి ఆపేసింది. మన బెంగాలెన్సిస్‌కి కూడా ధవళేశ్వరం లాంటి ఆనకట్టలు దాటి పైకి ఎక్కడం కష్టమే.

కాబట్టి హేచరీలో పుట్టించిన మలుగు పిల్లలు అమ్ముతాం, ఎకరానికి ఇన్ని వేయండి అని ఎవరైనా వస్తే అడ్వాన్సు ఇవ్వకండి. ఆ పిల్లలు ఎక్కడ పట్టారో అడగండి. చెప్పగలిగితే అవి నదిలోంచి తెచ్చినవి, చెప్పలేకపోతే అవి అసలు మలుగులే కాకపోవచ్చు. కాస్త అనుభవం ఉన్నవాళ్ళు చిన్న పిల్లల్ని చూసి కూడా బొమ్మిడాయికీ మలుగుకీ తేడా చెప్పగలరు: వీపు మీద వేలితో తోక వైపు నుంచి తల వైపుకి మెల్లగా నిమరండి, ముళ్ళు తగిలితే మలుగు కాదు.